మూడో వీధి చలువ ఖర్చుకు కారణాలు

మాఘ బహుళ షష్ఠి

మీటరు ఎర్రగా వెలిగింది. ‘మూడో వీధిలో వంతుకు మించి చలువ ఖర్చయింది. కారణం రాయండి’ అని సముద్రపు గట్టు మండలి వారి ప్రశ్న. కింద రాయడానికి ఒక పెట్టె. చాలా పెద్ద పెట్టె. ఇంత చోటిచ్చారంటే ఎవరూ చదవరనే అర్థం. అయినా అడిగారు కాబట్టి రాస్తాను.

నా పేరు నూకరత్నం. మూడో వీధి చలువ తాళంచెవి నా కొంగుకు ఉంటుంది. సముద్రం అడుగు నుంచి లాగిన చల్లటి నీళ్ళు మా వీధి మధ్య ఇసుకలో పాతిన గొట్టంలో వస్తాయి. వంతు ప్రకారం ఒక్కో ఇంటికీ తాళం తిప్పితే ఆ ఇంటి గోడల్లో తిరిగి వెనక్కి పోతాయి. వంతు రాని ఇంట్లో మధ్యాహ్నం పూట నేల మీద కాలు పెట్టలేం. అందుకని పసిపిల్లలున్న ఇల్లు ముందు, జ్వరమున్న ఇల్లు తర్వాత, గట్టిగా అరిచేవాళ్ళ ఇల్లు చివర. నా పద్ధతి ఇది. దీనికి మండలి ముద్ర లేదు. కానీ నేను తాళం పట్టాక ఈ వీధిలో వడదెబ్బతో ఎవరూ పోలేదు.

ఇక కారణం. ఈ తెల్లవారుజామున తాళం తిప్పడానికి వెళ్తే, గట్టు మీది పాత పడవల దారి నుంచి మా వీధిలోకి నాగలి లాగినట్టు చాలు కనిపించింది. చాలు చివర ఇసుకంతా చెదిరి ఉంది. గొట్టానికి చుట్టిన గోనె చిరిగి బయటికి వేలాడుతోంది. చలువంతా ఇసుకలోకి పోతోంది.

ఇది పక్కింటి అప్పలకొండ పనే అనుకున్నాను. పోయిన వేసవిలో గొట్టానికి కన్నం పెడుతూ నాకు దొరికాడు. వెళ్ళి తలుపు బాదాను.

“మళ్ళీ తవ్వావా?”

“నానేటి తవ్వినాను వదినా? కల్లో తవ్వినానేటి?” కళ్ళు నులుముకుంటూ వచ్చి గుంత చూశాడు. చూసి నొచ్చుకున్నాడు. “ఇదేటి తవ్వకం? నాను తవ్వితే ఇంత అడ్డదిడ్డంగా తవ్వుతానా? నా పనితనం మీద నీకు ఆపాటి గౌరవం నేదా?”

ఈలోగా మా అత్త పోలమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఎనభై దాటిన మనిషి. మా ఇద్దరి వైపూ చూడలేదు. గోడ నీడ వైపు చూసింది.

“ఒలే రత్నం, నోరు ముయ్యి. అది ఇంకా ఇక్కడే ఉంది.”

తాబేలు. సముద్రపు తాబేలు. తట్టంత ఉంది. పెట్టిన గుడ్ల మీద ఇసుక కప్పి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దిమ్మిస కొడుతోంది. మమ్మల్ని లెక్క చెయ్యలేదు. అత్త దాని వెనక కూలబడి చిప్ప అంచు వేళ్ళతో తడిమింది. ఒకచోట ఆగింది. అక్కడ చిన్న నొక్కు.

“నాదే,” అంది.

గోనె మళ్ళీ చుట్టాలంటే గుడ్లు కదపాలి. కదపం. ఖర్చు పెరగడానికి కారణం అదే.


మాఘ బహుళ ద్వాదశి

మీటరు మళ్ళీ ఎర్రగానే ఉంది. ఇప్పుడు మా వీధిలో ఏడు గుంతలున్నాయి. అన్నీ గొట్టం పక్కనే. అన్నిటి తల్లులకూ వెనక అంచున ఎడమవైపు నొక్కు.

మండలి జీవరక్షణ విభాగం నుంచి శశాంక్ అనే అబ్బాయి వచ్చాడు. మర్యాద తెలిసినవాడు, చెప్పులు వీధి మొదట్లోనే విప్పాడు. చేతిలో పలక. పలకలో పటం. పటంలో దక్షిణాన ‘చలువ తీరం’ ఆకుపచ్చగా ఉంది. ఇసుక కింద గొట్టాలు పరిచి, మా గోడల్లో తిరగాల్సిన చల్లటి నీళ్ళలో సగం అక్కడికి మళ్ళించి, తాబేళ్ళ కోసం మండలి కట్టిన తీరమది. మా వీధి బూడిద రంగులో ఉంది.

“ఇది నివాస ప్రాంతమండీ. ఇక్కడికి వచ్చినవాటిని దారితప్పిన జీవులుగా రాయాలి.”

“చలువ తీరానికి ఇప్పటిదాకా ఎన్ని వచ్చాయి బాబూ?”

పలక వైపు చూశాడు. “ఇంకా అలవాటు పడుతున్నాయండీ.”

అలవాటట! ఆ తీరం కట్టి ఎనిమిదేళ్ళయింది. ఒక్కటీ రాలేదు. తమకు తోచినచోటికి వచ్చినవాటికేమో దారితప్పినవని పేరు. వీళ్ళు గీసిన పటం చదవకపోవడం తాబేలు తప్పు.

దారితప్పడం కాదని అత్త అతన్ని కూర్చోబెట్టి చెప్పింది. పెద్ద తుఫాను ఏడాది గట్టు బయట మిగిలిన కాస్త తీరమూ కరిగిపోతుంటే, అప్పుడే పెట్టిన గుడ్లను వీధి ఆడవాళ్ళందరం చేపల తట్టల్లో ఇసుక పోసి ఇళ్ళకు మోశాం. పొదిగే తల్లి లేదు, పురిటి గదిలాగా వెచ్చగా ఉంచాలని అత్త తీర్పు. తట్టలన్నీ పొయ్యిల పక్కన పెట్టించింది. మధ్యలో కుంపట్లు. సాయంత్రం సాంబ్రాణి కూడా. పిల్లలు బయటికొచ్చాక, కోళ్ళకు గోరు కత్తిరించి గుర్తు పెట్టుకున్నట్టు, ఒక్కోదాని చిప్ప అంచున చేపలు కోసే కత్తితో చిన్న నొక్కు పెట్టి పడవల దారిలో వదిలింది. పదిహేనేళ్ళయింది. చిప్పతోపాటు నొక్కూ పెరిగింది.

శశాంక్ రాసుకోవడం ఆపేశాడు.

“కుంపట్లు పెట్టారా?”

“మరి? బాలింత గదిలో కుంపటి నేకుండా ఉంటాదేటి?”

“ఇసుక వేడిని బట్టే లోపల ఆడో మగో తేలుతుందమ్మా. వేడెక్కితే ఆడవి. చల్లగా ఉంటే మగవి. మీరు వదిలినవన్నీ ఆడవే అయి ఉంటాయి.”

అత్త కర్ర పక్కన పెట్టింది. నాకు భయమేసింది. పదిహేనేళ్ళుగా ఆమె గర్వంగా చెప్పుకునేది ఈ ఒక్క సంగతే.

“అన్నీ ఆడగుంటలేనా?” అంది. “అదీ సంగతి. అందుకే పురుటికి పుట్టింటికి వొచ్చినాయి.”

అతను నవ్వలేదు. ఇప్పుడు ఏ తీరంలో చూసినా ఇసుక కాలిపోతోందట, అందరూ ఆడవాళ్ళే పుడుతున్నారట. మగవి ఇంకొన్నాళ్ళు ఇలాగే తగ్గిపోతే గుడ్లన్నీ వట్టివే అవుతాయట. చలువ తీరం కట్టింది అందుకేనట. అంటే ఆలోచన మంచిదే. ఎటొచ్చీ అమ్మాయిలు వచ్చే చోట కట్టలేదు.


ఫాల్గుణ శుద్ధ విదియ

ఈ రోజు ఖర్చుకు కారణం, వీధి వీధంతా తలుపులు బార్లా తీసి మధ్యాహ్నమంతా బయటే నిలబడింది. ఎందుకు నిలబడిందో రాస్తాను.

మండలి బండి వచ్చింది. దారితప్పిన గుడ్లను చలువ తీరానికి తరలించమని ఉత్తర్వు. శశాంక్‌తో పాటు పారలు పట్టుకుని నలుగురు.

గుడ్డు పెట్టిన కొన్ని గంటల్లోనే లోపలి పిండం పెంకుకు పైవైపున అంటుకుంటుంది. ఆ తర్వాత దాన్ని తిప్పితే చచ్చిపోతుంది. ఈ మాట నాకు చెప్పింది శశాంకే, పోయినసారి వచ్చినప్పుడు. అదే అతనికి గుర్తు చేశాను.

“తెలుసండీ. తిప్పకుండా, పైన గుర్తు పెట్టి, చేతులతో తీస్తాం.”

“ఆ పారలు దేనికి?”

అతను పలక తెరిచి ఉత్తర్వు చూపించాడు.

నా కూతురు జలజ పురుటికి వచ్చి వారమైంది. తొలిచూలు. ఎనిమిదో నెల. కాళ్ళు వాచి ఉన్నాయి. అరుగు మీద నుంచి మెల్లగా దిగి బండి ముందుకు వచ్చి నిలబడింది.

“సార్, నన్ను కూడా తీసుకెళ్ళండి. తలకిందులుగా పట్టుకుని ఈ బండిలో పడెయ్యండి. గతుకుల్లో రెండు గంటలు తిప్పి మీ చలువ తీరంలో పాతెయ్యండి. అక్కడ చల్లగా ఉంటుందటగా. నా బిడ్డకీ మంచిదేగా?”

అతని ముఖం ఎర్రబడింది. “అలా అనకండి. నా చేతిలో ఏమీ లేదు. ఉత్తర్వు అది.”

“మీ చేతిలో లేదు కానీ వాళ్ళ చేతుల్లో పారలున్నాయి,” అంది జలజ.

మొదటి గుంత జాగ్రత్తగానే తీశారు. ఎండ ఎక్కింది. రెండో గుంత దగ్గరికొచ్చేసరికి పారవాళ్ళకు ఓపిక పోయింది. ఒకడు దోసిళ్ళతో తీసి బుట్టలో చింతకాయలు పోసినట్టు పోశాడు. శశాంక్ అరిచాడు. అరిచేలోపే అయిపోయింది.

మూడో గుంత మీద మా అత్త కూర్చుంది. కర్ర ఒళ్ళో పెట్టుకుంది.

“లేవండి మామ్మగారూ. రాసుకోవాలి,” అన్నాడు శశాంక్.

“నన్నూ రాసుకో నాయినా. దారితప్పిన జీవి. ఒకటి. ముసిల్ది. తిప్పితే సచ్చిపోద్ది.”

వీధంతా నవ్వింది. అప్పలకొండ అందరికంటే గట్టిగా నవ్వాడు. బండి రెండు గుంతల గుడ్లతో వెళ్ళిపోయింది. మిగతా అయిదింటికీ ఎదురుగా ‘చేరుకోలేని స్థలం’ అని రాస్తానని శశాంక్ నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. ఆ గుంతలు మా గుమ్మాల ముందే ఉన్నాయి. కాలు పెడితే చేరుకోవచ్చు. అయినా ఈ అబద్ధానికి నేను అభ్యంతరం చెప్పలేదు.


ఫాల్గుణ శుద్ధ అష్టమి

ఇవాళ ఖర్చు బాగా పెరిగింది. కారణం మేమే. దాచేదేమీ లేదు.

ఆడో మగో ఖాయమయ్యే రోజులు ఇప్పుడే మొదలయ్యాయి. ఇంకో రెండు వారాలు ఇసుక చల్లగా ఉండాలి. పోయినసారి వెచ్చగా ఉంచి అందరినీ ఆడపిల్లల్ని చేశాం. ఈసారి వాళ్ళ కడుపున కొడుకులు పుట్టాలి. అందుకని ఈ అయిదు గుంతల పక్కనుంచి పోయే గొట్టానికి గోనె మొత్తం విప్పేశాం. నేనూ, అప్పలకొండ పెళ్ళాం నాగులూ కూర్చుని ముళ్ళు విప్పాం. గోనె చుట్టలు చుట్టి మా అటక మీద పెట్టాను. గొట్టంలో చలువ ఇప్పుడు ముందు ఇసుకకు పోతుంది, మిగిలింది ఇళ్ళకు వస్తుంది.

సాయంత్రానికి మండలి నుంచి జవాబొచ్చింది. నేను రాసినవి ఎవరూ చదవరనుకున్నాను. చదివారు. ‘నివాసావసరాలకు కాని వినియోగం. వంతు సగానికి తగ్గించడమైనది.’

చలువ తీరంలో, ఒక్క తాబేలూ లేని చోట, ఇసుక కింద పగలూ రాత్రీ చల్లటి నీళ్ళు పారుతుంటే అది రక్షణ. ఇక్కడ గుడ్లున్నచోట పారితే దుర్వినియోగం. నేను ఇల్లు నడిపే మనిషిని. ఖాళీ పీట ముందు విస్తరి వేసి వడ్డించి, ఎదురుగా ఆకలితో కూర్చున్నవాళ్ళను తిట్టే ఇల్లు నేనెక్కడా చూడలేదు.


ఫాల్గుణ బహుళ విదియ

మధ్యాహ్నం ఇసుకలో చెయ్యి పెట్టి చూశాను. రోజూ చూస్తాను. ఇవాళ వేడిగా తగిలింది. తవ్వి చూస్తే గొట్టానికి గోనె చుట్టి ఉంది. కొత్త గోనె. ముళ్ళు పొందిగ్గా వేసి ఉన్నాయి. అంత పొందిగ్గా ముడి వేసేవాడు మా వీధిలో ఒక్కడే.

ఈసారి తలుపు బాదలేదు. తీసే ఉంది. అప్పలకొండ గుమ్మంలో కూర్చుని మూడేళ్ళ కూతురికి విసనకర్రతో విసురుతున్నాడు. పిల్ల ఒళ్ళంతా చెమట పొక్కులు. కొన్ని పగిలి రసి కారుతున్నాయి.

“తిట్టు వదినా,” అన్నాడు. “నానే సుట్టినాను. తిట్టెయ్.”

తిట్టడానికే వెళ్ళాను. పిల్ల పక్కన కూలబడ్డాను.

“నవ్వినాను ఆ రోజు. బండెళ్ళిపోతే సంబరపడినాను. కానీ సగం వంతుతో ఈ గుంట ఏడుత్తా పడుకుంటంది. తాబేలు పిల్లలకి సల్లదనం, నా పిల్లకి పొక్కులా? నువ్వే సెప్పు. నీ పద్ధతిలో పసిపిల్లలున్న ఇల్లే కదా ముందు?”

అది నా పద్ధతే. దాన్ని నేనే తప్పాను. అరిచేవాడి ఇల్లు కదా అని ఎప్పుడూ అతన్ని చివరికి నెట్టడం అలవాటై, ఆ ఇంట్లో పిల్ల ఉందన్నది పక్కకు పెట్టాను. మా ఇంటి వంతు ఇచ్చేస్తానన్నాను.

“మరి జలజకి?” అన్నాడు. “కడుపుతో ఉన్న పిల్ల ఏటైపోవాల? అదీ నా పాపమేనా?”

ఇద్దరం ఒకరిమీద ఒకరు అరుచుకుంటుంటే జలజ పిలిచింది. ఎక్కడుందా అని చూస్తే, వీధి మధ్యలో, గుంతలకు కాస్త అవతల, అప్పలకొండ ఇంకా గోనె చుట్టని గొట్టం పక్కన పీట వేసుకుని కూర్చుంది. వాచిన కాళ్ళు మడమల దాకా ఇసుకలో పూడ్చుకుంది. నెత్తిన తడి తువ్వాలు.

“అమ్మా, ఇక్కడ ఇంట్లోకంటే చల్లగా ఉంది. ఎండొక్కటే బాధ. గోడలు చల్లబరిచి, ఆ గోడల మధ్య మనం కూర్చోవడమెందుకు? చలువ ఇక్కడుంటే మనం అక్కడెందుకున్నాం?”

అప్పలకొండ ఆమెను చూశాడు. గొట్టాన్ని చూశాడు. ఆకాశం చూశాడు.

“పందిరి,” అన్నాడు.

వీధి అంత పొడుగునా చలువ పందిరి వేశాం. పెళ్ళిళ్ళకు దాచుకున్న గుంజలు, పాత తెరచాపలు, తాటాకులు, ఎవరింట్లో ఏముంటే అది. అప్పలకొండే పెద్ద మేస్త్రీ. తన ముళ్ళు తనే విప్పి గోనె నా చేతికిచ్చి, ఆ తాళ్ళతోనే పందిరి కట్టాడు. గుంతల చుట్టూ ఎవరూ తొక్కకుండా వెదురు దడి పెట్టాడు. ఇప్పుడు మధ్యాహ్నమంతా వీధివీధంతా పందిరి కిందే ఉంటోంది. వంట, చదువు, వలలు అల్లడం, తగాదాలు, అన్నీ అక్కడే. అప్పలకొండ కూతురు ఇసుకలో పడుకుని నిద్రపోతోంది. ఇళ్ళకు తాళం తిప్పే పని సగానికి తగ్గింది. ఇసుక నీడలో ఉండేసరికి ఇంకా చల్లబడింది.

ఖర్చు తగ్గింది కదా, ఇక మీటరు ఆకుపచ్చగా వెలుగుతుందనుకున్నాను. ఎర్రగానే వెలిగింది. ‘అనుమతి లేని కట్టడం. కారణం రాయండి.’

కారణం: ఎండ.


ఫాల్గుణ బహుళ అమావాస్య

శశాంక్ వచ్చాడు. పలక లేదు. ఎవరూ పంపకుండా తనే వచ్చాడు. పందిరి కింద చాప వేశాం. మజ్జిగ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు తప్ప తాగలేదు.

“తీసుకెళ్ళిన రెండు గుంతలూ తెరిచి చూశామండీ. లోపలేమీ పెరగలేదు. తీసిన రోజే ఆగిపోయాయి.”

“అన్నీనా?” అంది జలజ. ఆమె చెయ్యి తన కడుపు మీదికి పోయింది.

“అన్నీ.”

“మీవాళ్ళకు చెప్పారా?”

చెప్పాడట. మండలి నివేదికలో ఆ గడి లేదట. ఎన్ని గుడ్లు తరలించారన్న దానికి గడి ఉంది. తరలించినవన్నీ ‘రక్షించినవి’ కింద పడిపోతాయి. బండి చలువ తీరం గేటు దాటగానే లెక్క ముగుస్తుంది. ఎన్ని పిల్లలు బయటికి వచ్చాయో రాసే చోటు లేదు. ఎనిమిదేళ్ళుగా అలాగే ప్రతి ఊరి నుంచీ తరలిస్తున్నారు, ప్రతి ఏడూ రక్షించినవి పెరుగుతున్నాయి, చలువ తీరానికి ఇంకా నీళ్ళు మంజూరవుతున్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. బియ్యం డబ్బాలో పోసి, పిల్లలు తిన్నారని రాసుకునే తల్లి ఎవరైనా ఉందా? నేను ఇంటి లెక్క రాసేటప్పుడు పొయ్యి మీదికి ఎంత ఎక్కిందో రాయను. ఎవరు తిని లేచారో, ఎవరు ఆకలితో లేచారో అది చూస్తాను. ఇంత పెద్ద మండలిలో, ఇంత చదువుకున్నవాళ్ళలో, ‘తర్వాత ఏమైంది?’ అని అడిగేవాళ్ళు ఒక్కరూ లేరా? తెలియక కాదు. ఈ అబ్బాయికి తెలుసు. ఇతని పైవాళ్ళకీ తెలుసు. గడి పెడితే అందులో సున్నా రాయాల్సి వస్తుందని పెట్టలేదు. ఇది చదివేవారెవరో నాకు తెలియదు కానీ, మీకు ఇది రెండు గుంతలు. మా అత్త ఆ రెండింటి తల్లుల్నీ అరచేతిలో పెట్టుకుని సముద్రంలో వదిలింది. ఆ తల్లులు పదిహేనేళ్ళు ఈది, ఇక్కడికే వచ్చి, నమ్మి పెట్టి పోయాయి.

అత్తకు ఎవరూ చెప్పలేదు. చాప అవతల అంచున కూర్చుని అన్నీ వింది. లేచి, శశాంక్ చేతిలోని గ్లాసు అతని నోటి దాకా ఎత్తింది.

“తాగు. నువ్వు వొచ్చి సెప్పినావు. మిగిలినోళ్ళు రానేదు.”


చైత్ర శుద్ధ ఏకాదశి

ఈ రోజు మూడో వీధి చలువ అసలు తీసుకోలేదు. తెల్లవారుతుండగా తాళం మూసేశాను. కారణం, అందరం పడవల దారిలో ఉన్నాం.

ముందు నాగులు చూసింది. దడి లోపల ఇసుక కుంగింది. కాసేపటికి ఇసుక ఉడికే అన్నంలా కదిలింది. తర్వాత చిన్న తల. తర్వాత ఎన్నో తలలు. దారికి రెండు వైపులా ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టి గోడలా నిలబడ్డారు. కాకుల్ని తోలడం అప్పలకొండ పని. అరవడం మొదటిసారి ఎవరికైనా పనికొచ్చింది. అయిదు గుంతల్లో నాలుగు పండాయి. ఒకటి వట్టిది. తండ్రి దొరకలేదు కాబోలు ఆ తల్లికి.

శశాంక్ మోకాళ్ళ మీద కూర్చుని చూస్తున్నాడు.

“నొక్కు పెడతాను, కత్తి తే,” అంది అత్త. చిప్ప అంచు ఆమె కంటికి ఆనలేదు. కత్తి నాగులు తీసుకుంది. అత్త చెప్పింది, నాగులు చేసింది. ఈసారి నొక్కు కుడివైపున.

“ఇందులో మగోళ్ళెందరు బాబూ?”

“చూసి చెప్పలేమమ్మా ఇప్పుడు. ఇసుక చల్లదనాన్ని బట్టి చాలామంది మగవే అయి ఉండాలి.”

“పదిహేనేళ్ళకి వత్తారు కదా. నాను నేకపోయినా ఈళ్ళు సూత్తారు.”

అతను తటపటాయించాడు. “మగవి రావమ్మా. ఒకసారి నీళ్ళలో దిగితే జన్మలో మళ్ళీ నేల ఎక్కవు. ఆడవే వస్తాయి, గుడ్లు పెట్టడానికి.”

అత్త నా వైపు చూసింది. “అంటే మనం సేసింది మనకి ఎప్పుడూ కనపడదేటి?”

“కనపడదు,” అన్నాడు. “ఎక్కడో ఒక తీరంలో గుడ్లు వట్టిపోకుండా ఉంటాయి. అంతే.”

అత్త ఆలోచించింది. చివరి పిల్ల ఆమె పాదం ఎక్కి దిగి నీళ్ళవైపు పాకింది. “పోనీలే,” అంది. “మగోళ్ళు ఇంటికి రాకపోతే మాత్రం, ఎక్కడో ఓ దగ్గర పని సేత్తే సాలు.”


చైత్ర బహుళ షష్ఠి

జలజకు మొన్న ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. బాలింత గదిలో కుంపటి పెడతానని అత్త, పెట్టనివ్వనని జలజ. ఆ యుద్ధం నడుస్తోంది.

ఈ ఉదయం మీటరు ఆకుపచ్చగా వెలిగింది. ఇన్నాళ్ళకు మొదటిసారి. సంతోషపడి చదివాను.

మండలి కొత్త పటం. మా వీధికి బూడిద రంగు తీసేసి ఆకుపచ్చ వేశారు. శశాంక్ గుంతలు లెక్క కట్టి, బయటికొచ్చిన పిల్లల్ని లెక్క కట్టి, గడి లేకపోతే అంచున గీత గీసి మరీ రాశాడట. పైవాళ్ళు ఈసారి చదివారు. ‘మూడో వీధిని తాబేళ్ళ రక్షిత స్థలంగా ప్రకటించడమైనది.’ అక్కడిదాకా బాగుంది. తర్వాతి వాక్యం: ‘కావున మానవ నివాసాలను వచ్చే మాఘమాసం లోపు ఖాళీ చేయవలెను.’ దాని తర్వాతి వాక్యం: ‘నివాసాలు లేనందున ఆ తేదీ నుంచి వీధికి చలువ సరఫరా నిలిపివేయబడును.’

రెండుసార్లు చదివాను. అప్పలకొండకు చదివి వినిపించాను. ఎప్పుడూ అరిచేవాడు వెళ్ళి పందిరి ముళ్ళు ఇంకోసారి బిగించాడు.

మండలి వారూ, ఒక్కసారి ఆలోచించండి. అవి ఈ ఇసుకకు ఎందుకొచ్చాయి? ఇక్కడ మేము పుట్టించాం కాబట్టి. ఈ ఇసుక ఎందుకు చల్లగా ఉంది? మా ఇళ్ళకు గొట్టం ఉంది కాబట్టి. గుంతల మీద నీడ ఎందుకుంది? మేము ఎండకు తాళలేక పందిరి వేశాం కాబట్టి. కాకులు ఎందుకు రాలేదు? అప్పలకొండ ఉన్నాడు కాబట్టి. మమ్మల్ని తీసేసి, గొట్టం కట్టేసి, పందిరి పీకేసి, కంచె వేసి, కంచెకు బోర్డు పెట్టి, అప్పుడు రక్షించామంటారు. పుట్టింట్లో మనుషుల్ని వెళ్ళగొట్టి, గుమ్మానికి తాళం వేసి, ఆడపిల్లను పురుటికి పిలుస్తారు. ఆ పిల్ల వస్తుంది. వచ్చి కాలిన ఇసుకలో గుడ్లు పెట్టి పోతుంది. మళ్ళీ అందరూ ఆడపిల్లలే పుడతారు, లేదా అసలు పుట్టరు. మీ నివేదికలో మాత్రం రక్షిత స్థలం ఒకటి పెరుగుతుంది.

మీటరు కింద ఎప్పటిలాగే పెట్టె ఉంది. ‘ఖాళీ చేయుటకు అభ్యంతరమున్నచో కారణం రాయండి.’

కారణం: వచ్చే మాఘానికి ఆ అమ్మాయిలు మళ్ళీ వస్తారు. వాళ్ళు వచ్చే వేళకు గొట్టం చల్లగా ఉండాలి. అది చల్లగా ఉండాలంటే ఈ వీధిలో ఇళ్ళుండాలి, ఇళ్ళలో మనుషులుండాలి. గోనె చుట్టలు ఉతికి ఆరేసి అటక మీద పెట్టాను. కుడి నొక్కు ఎవరిదో, ఎడమ నొక్కు ఎవరిదో నాగులుకు నేర్పాం. జలజ కూతురు కాస్త ఎదగ్గానే దానికీ నేర్పుతాం. తాళంచెవి నా కొంగుకే ఉంది, ఎవరికీ ఇవ్వను. అయిదో వీధివాళ్ళు కూడా పందిరి ఎలా కట్టాలో అడిగి వెళ్ళారు. మీ బండి వస్తే ఈసారి రెండు వీధులు కూర్చుంటాయి.

మధ్యాహ్నమైంది. ఇవాళ మొదటి వంతు అప్పలకొండ ఇంటిది. తాళం తిప్పి వస్తాను.